తప్పు పోగు

ఆ పొద్దు ఉరవకొండలో కరెంటు బాగానే ఉండాది.
పక్కింట్లో కండెలు చుట్టే రాట్నం తిరగతానే ఉండాది.
నా సిస్టమొక్కటే
నా మొగం చూడనంటాంది.

పదకొండేండ్ల డిజైన్లు.
హంస బుట్టా, రుద్రాక్ష అంచు, ఏనుగుల కొంగు,
ఏ సేటూ వద్దన్న గుడ్డి తామర,
నా బిడ్డ మూడో తరగతిలో
మౌసు రెండు చేతుల్తో పట్టి గీసిన వంకర పిల్లి.
ఉన్నచోటనే ఉండాయి అన్నీ.
ప్రతి పేరుకూ వెనక ఒక తోక మొలిచింది,
నోరు తిరగని తోక.
తెర మీద ఎర్ర అక్షరాల చీటీ:
డబ్బు కట్టు, తాళంచెవి ఇస్తాం.
రూపాయలు కాదంట.
చేత్తో పట్టుకోలేని డబ్బంట.
వాయిదాల మీద కడతానని బతిమాలేదానికి
ఆ చీటీ రాసినోనికి గడపన్నా లేదే.

ఎట్లొచ్చిందంటే,
ధర్మవరం నుంచి ఒక పెన్‌డ్రైవు వచ్చింది,
బొటనవేలంత.
"అన్నా, ఈ ఒక్క అంచు దింపియ్యి, ఎవరికీ చెప్పొద్దు."
ఇంకొకరి అంచని తెలుసు.
తెలిసే గుచ్చినా.
ఆ ముక్క దస్తగిరికి చెప్పలేదు.

దస్తగిరి బస్టాండు కాడ సెల్లులు బాగుచేస్తాడు.
పొద్దుమునిగిందాకా కూర్చున్నాడు నా పక్కన,
రెండు టీలు, ఒక పొట్లం బొరుగులు.
కడాకు కీబోర్డు మీంచి చేతులు తీసి
ఆస్పత్రి వరండాలో మాట్లాడినట్ల మాట్లాడినాడు.
"దుడ్లు కట్టొద్దన్నా. కట్టినా ఇస్తారని ఏం నమ్మకం?
అంతా తుడిచేసి కొత్తగా ఎక్కిస్తా.
యాడన్నా ఇంకో కాపీ ఉండాదా?"

యాడుంటాది?
మా అమ్మ విత్తనక్కాయలు
ఒక మూట అటక మీద పెట్టేది,
ఒక మూట చీకలగురికిలో చెల్లెలింట్లో పెట్టేది.
ఆమె మోడాన్ని నమ్మలేదు.
నేను మిషన్ను నమ్మినా.

అటకెక్కినా.
పాత జకార్డు అట్టలు, దారంతో కుట్టిన దండలు.
చౌడప్ప మగ్గానికని నా చేత్తో బెజ్జాలు కొట్టినవి.
ఈ ఎలుకలకు దస్తగిరి కాడ గూడా మందు లేదు.
తొమ్మిది దండలు మిగిలినాయి.
కందిపూత అంచు లేదు వాటిలో.

ఆ అంచు నాది.
బెళుగుప్ప దావలో బస్సు చెడిపోతే
కందిచేను గట్టున కూర్చుని
టికెట్టు వెనకాల గీసుకున్నది.

రాత్రి రెండింటికి గుర్తొచ్చింది:
వజ్రకరూరు, పెన్నోబులమ్మ పెండ్లిచీర.

పోతే, ఆయమ్మ మొదట అప్పులోడనుకుంది.
సంగతి చెప్తే నవ్వింది, "చీరలో ఫైలేందప్పా!"
ట్రంకుపెట్టె తెరిచింది.
కలరా ఉండల వాసన, మడతలో ఇంకా పసుపు మరక.
మంచం మీద పరిచి, కంటికి భూతద్దం పెట్టి
పోగు పోగూ లెక్కబెట్టినా.
ఆయమ్మ కూతురు గళ్ళ నోటుబుక్కులో దించుకుంటాంది:
నింపు, వదులు, వదులు, నింపు.
నడమ నడమ "మామా, లెక్క తప్పినావు" అంటాంది.

మూడో పువ్వు కాడ ఆగినా.
రేకు కొన కాడ ఒక పోగు పక్కకు పడింది.
చౌడప్ప తప్పయితే ఒక్క పువ్వులో ఉంటాది.
నాలుగో పువ్వు చూసినా. ఐదోది చూసినా.
కొంగుదాకా అన్నిట్లో అదే చోట.
నాదే.
పదైదేండ్లుగా ఆయమ్మ
పెండ్లిండ్లకూ పేరంటాలకూ
నా తప్పు కట్టుకొని పోతాంది.
"దిద్దాల్నా మామా?" పిల్ల రబ్బరు చేతిలోకి తీసుకుంది.
"ఉన్నదున్నట్ల రాయమ్మా."

ఇప్పుడు కందిపూత సిస్టంలో ఒకటి,
దస్తగిరి అంగడి బీరువాలో డిస్కులో ఒకటి,
యాడుండాదో నాకు తెలియని మోడంలో ఒకటి.
ఆ పిల్ల నోటుబుక్కు కూడా అడిగితే
"హోంవర్కుండాది, ఇయ్యను" అనింది.
ధర్మవరం పెన్‌డ్రైవుకు ఎర్రదారం చుట్టి
సొరుగులో ఏసినా. పారెయ్యలేదు.

పిల్లిని మాత్రం ఏ మగ్గమూ నెయ్యలేదు.
నా బిడ్డ ఇప్పుడు ఇంటరు.
మళ్ళా గియ్యమ్మా అంటే
రెండు నిమిషాల్లో గీసిచ్చింది.
మీసాలు, చెవులు, తోక, అన్నీ సరిగ్గా ఉండాయి.
అదే చిక్కు.